బందరు ఫియట్ క్రోమ్ పట్టీలు: ఊడదీసిందీ మేమే, బిగించిందీ మేమే

బండి 1967 ఫియట్ 1100. మనవాళ్లు డిలైట్ అని పిలిచే మోడల్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు చేసింది, 1089 సీసీ ఇంజను, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే. ఇదే బండి 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయ్యి 1974లో పద్మిని అయ్యింది కాబట్టి, పద్మిని చూసినవాళ్లందరికీ దీని రూపం తెలిసినట్టే. బందరు నుంచి విజయవాడ ఆటోనగర్‌లో ఉన్న మా షెడ్డుకి డెబ్బై కిలోమీటర్లూ తనంతట తానే నడిచి వచ్చింది. ఓనరు రిటైరైన లెక్చరర్ గారు, బండి వాళ్ల నాన్నగారు కొన్నది. దిగగానే ఆయన అన్న మొదటి మాట, "ఇంజను జోలికి వెళ్లొద్దండీ, అది నాకంటే బాగుంది. బాడీ చూడండి, ఆ క్రోమ్ సంగతి చూడండి."

ఆ క్రోమ్ సంగతి దూరం నుంచి పర్వాలేదనిపించింది. దగ్గరికెళ్తే పక్కల పొడుగునా పోయే పట్టీల కింద అంచున పెయింటు బుడగలు, బుడగని గోటితో నొక్కితే లోపల ఎర్రటి తుప్పు పొడి, ప్రతి క్లిప్పు ఉన్నచోటి నుంచీ కిందకి గోధుమ రంగు చార. సముద్రపు గాలిలో యాభై ఏళ్లు ఉన్న బండికి ఇది మామూలే. పైగా ఎప్పుడో ఇంటి దగ్గరే రంగు వేయించినట్టున్నారు, పట్టీలు తీయకుండా వాటి మీద టేపు అంటించి స్ప్రే కొట్టేశారు, ఆ టేపు అంచు గీత ఇప్పటికీ తెలుస్తోంది.

ఇది పెయింటు గురించిన రాత కాదు, దాని గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. పట్టీలు, బ్యాడ్జీలు, బంపర్లు, అద్దం చుట్టూ బీడింగు, వీటి గురించే రాస్తున్నాను, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే పాత బళ్లల్లో పట్టీలకి దెబ్బ తగిలింది రోడ్డు మీద కాదు, ఎవరో షెడ్డులో స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపినప్పుడే. ఈ బండికీ అంతే. అందులో ఒక దెబ్బ మా షెడ్డులోనే తగిలింది, అదీ చెబుతాను.

లెక్చరర్ గారివి రెండు షరతులు. కొత్త పట్టీలు కొని వేయకూడదు, ఉన్నవే బాగుచేయాలి. దసరాకి బండి ఇంటి ముందు ఉండాలి, ఆయుధపూజకి. తర్వాత వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి పెడదామని ఆయన ఆలోచన. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న సొంత బండికి అది ఇస్తారు, నంబరు మధ్యలో వీఏ అనే అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. నిజానికి ఆ రూలు చూసేది షాసీ, బాడీ, ఇంజను మార్చేశారా అని, పక్క పట్టీ స్టీలా అల్యూమినియమా అని ఎవరూ అడగరు. అదే అన్నాను. "వాళ్లు అడగరు, నేను అడుగుతాను కదండీ" అన్నారాయన. ఇంక నేనేం మాట్లాడతాను.

మొదటిరోజు ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. అయస్కాంతం ఒకటి పట్టుకుని బండి చుట్టూ తిరిగాం. మనం మెరిసేదాన్నంతా క్రోమ్ అనేస్తాం గానీ ఒక్క బండి మీదే మూడు నాలుగు లోహాలుంటాయి, దేని వైద్యం దానిదే. బంపర్లు ఇనుప రేకు మీద నికెల్, క్రోమ్ పూత. అయస్కాంతం టక్కున అతుక్కుంటుంది. డిక్కీ మీద అక్షరాల బ్యాడ్జీ మజాక్, అంటే జింకు పోత. అయస్కాంతం అంటదు, సైజుకి మించిన బరువు, పాతబడితే పైన మొటిమల్లా పొక్కులు లేస్తాయి. పక్క పట్టీలు మొత్తం ఎనిమిది, వైపుకి నాలుగు: ముందు మడ్‌గార్డు, ముందు తలుపు, వెనక తలుపు, వెనక మడ్‌గార్డు. అందులో ఏడింటికి అయస్కాంతం కొద్దిగా అంటింది, ఎడమవైపు వెనకదానికి అసలంటలేదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. స్టెయిన్‌లెస్ స్టీలుకి అయస్కాంతం అంటదని విని ఉంటారు, అది మంచి రకం గిన్నెల్లో వాడే 304కి నిజం, కార్ల పట్టీలకి ఎక్కువగా వాడే 430 రకానికి మాత్రం అంటుతుంది. అంటింది కదా, ఇది ఇనుము మీద క్రోమే అనుకుని ప్లేటింగ్‌కి పంపేస్తారు, అక్కడ యాసిడ్‌లో ముంచుతారు, డబ్బూ దండగ, పట్టీ కూడా పాడు. తేల్చుకోవాలంటే ఊడదీశాక వెనకవైపు చూడాలి. వెనక తుప్పు పొరలు పొరలుగా ఉంటే ఇనుము, మురికి తుడిస్తే బూడిదరంగు మెరుపు వస్తే స్టెయిన్‌లెస్, తెల్లపొడి రాలితే అల్యూమినియం. ఇంకా అనుమానమైతే వెనక మూల కాస్టిక్ సోడా నీళ్లు ఒక్క చుక్క వేస్తే అల్యూమినియం బుసబుసా పొంగుతుంది, గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా మాత్రం ఆ పని చేయొద్దు. మా ఏడూ స్టెయిన్‌లెస్‌గా తేలాయి, వాటికి అసలు పూతే లేదు, ఆ మెరుపు లోహానిదే. ఎనిమిదోది అల్యూమినియం, ఎప్పుడో వేరే బండి నుంచి పీకి పెట్టినది.

ఊడదీసేముందు ఫోటోలు అందరూ తీస్తారు, కొలతలు ఎవరూ రాసుకోరు. ఫోటోలో పట్టీ ఉన్నట్టు తెలుస్తుంది గానీ కిటికీ కింద అంచు నుంచి పట్టీ పైఅంచుకి 212 ఎంఎం అని ఫోటో చెప్పదు. ఒక్కో ప్యానెల్ మీద మూడేసి చోట్ల కొలిచి నోటుపుస్తకంలో రాశాం. బ్రౌన్ పేపరు చుట్ట తెచ్చి పక్కకి టేపుతో అంటించి, పట్టీ గీత, తలుపు సందులు, హ్యాండిల్ అన్నీ పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీశాం, రూపాయి బిళ్లని కాగితం కింద పెట్టి రుద్దేవాళ్లం చూడండి చిన్నప్పుడు, అదే పని. రెండు వైపులకీ విడివిడిగా. దీనికి అరపూట పట్టింది, మా కుర్రాడు నవ్వాడు, నాలుగు వారాల తర్వాత నవ్వలేదు.

ఇక ఊడదీయడం. పట్టీ దేని మీద ఆగి ఉందో తెలియకుండా దాని మీద చెయ్యి వేయకూడదు. ఈ బండిలో రెండు రకాల పట్టు ఉంది. మధ్యలో అంతా స్ప్రింగు క్లిప్పులు, అవి పట్టీ లోపలి మడతల్లో కూర్చుని, వెనక కాలు బాడీ రేకులో ఉన్న రంధ్రంలోకి దూరి బిగుసుకుంటాయి. కొన్ని పట్టీల చివర మాత్రం టీ ఆకారం తలకాయ ఉన్న చిన్న బోల్టు, పట్టీ మడతలోకి జారి కూర్చుని, రేకు లోపలి నుంచి నట్టుతో బిగించి ఉంటుంది. బయట నుంచి రెండూ ఒకేలా ఉంటాయి, అంటే ఏమీ కనిపించదు. క్లిప్పుని బయట నుంచి లేపొచ్చు. బోల్టుని లేపితే పట్టీ వంగుతుంది గానీ అది రాదు. అందుకని ముందు తలుపుల లోపలి ప్యాడ్లు విప్పాం, అద్దం తిప్పే హ్యాండిళ్లు తీశాం, టార్చి వేసి ఎక్కడ నట్టు కనిపిస్తే అక్కడ బయట టేపు మీద ఎర్ర స్కెచ్‌తో గుర్తు పెట్టాం.

నట్లన్నీ తుప్పులో కలిసిపోయి ఉన్నాయి. తుప్పు వదిలించే ఆయిల్ పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి, మూడు రోజులు కొట్టాం. ఇక్కడ బలం చూపిస్తే బోల్టు తలకాయ పట్టీ లోపల గిర్రున తిరిగి మడతని చింపేస్తుంది, బయట ఉబ్బు వస్తుంది. పానాకి లొంగిన నట్లు ఏడు. లొంగనివి మూడు, వాటిని హాక్సా బ్లేడు ముక్క చేత్తో పట్టుకుని నట్టు వైపు నుంచి నెమ్మదిగా కోశాం. గ్రైండర్ పెడితే రెండు నిమిషాల పని, కానీ ఆ నిప్పురవ్వలు కిటికీ అద్దం మీద పడితే అద్దంలోకి కరిగి దిగిపోతాయి, చిన్న చిన్న గుంటలు, మళ్లీ పోవు.

క్లిప్పులకి మా పనిముట్టు పాత ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు చీల్చి, అరగదీసి చేసుకున్న చీలలు. పెయింటు ఎలాగూ తీసేస్తాం కదా స్క్రూడ్రైవర్ పెడితే ఏం అంటారు, పెయింటు పోతే పోయింది, స్క్రూడ్రైవర్ మొన పట్టీ అంచుని పంటిగాటులా నొక్కేస్తుంది, అది సరిచేయడం నరకం. ఎండ ఎక్కాక, రేకు కాస్త వేడెక్కాక మొదలుపెట్టి, క్లిప్పు ఉన్నచోటే చీల దూర్చి రెండు ఎంఎంలు లేపడం, తర్వాతి క్లిప్పు దగ్గరికి వెళ్లడం, చివరిదాకా వెళ్లాక మళ్లీ మొదటి నుంచి ఇంకో రెండు ఎంఎంలు. అరటిపండు తొక్క తీసినట్టు ఒక చివర పట్టుకుని లాగితే పట్టీ విల్లులా వంగిపోతుంది, మళ్లీ సాఫీగా రాదు.

ఇంత చెప్పిన నా దగ్గరే అది జరిగింది. కుడివైపు వెనక తలుపు పట్టీ. నాకు ఫోన్ వస్తే బయటికెళ్లాను. కుర్రాడు అయిదు క్లిప్పులూ చక్కగా లేపాడు, ఆరోది కూడా క్లిప్పే అనుకున్నాడు. అది బోల్టు, నట్టు కోసిన బోల్టే కానీ ముక్క రంధ్రంలో తుప్పుతో అతుక్కుపోయి ఉంది. "బాబాయ్, ఒక్కటి రావట్లేదు" అని కేకేశాడు, నేను ఫోన్లోనే చెయ్యి ఊపాను, వాడు దాన్ని 'లాగు' అనుకున్నాడు. టప్ మని శబ్దం. వచ్చి చూస్తే చివర నుంచి నాలుగు అంగుళాల దగ్గర పట్టీ మీద మడత, గోరంత వెడల్పు. వాణ్ని ఏమీ అనలేదు. ఆ చివర ఎర్ర గుర్తు పెట్టి, నట్టు కోశాక గుర్తు తీసేసింది నేనే.

ఎడమవైపు వెనక మడ్‌గార్డు మీద అల్యూమినియం పట్టీ కథ వేరు. అక్కడ క్లిప్పులే లేవు. గతంలో ఎవరో ఆ రేకు కుళ్లిపోతే చేత్తో కొత్త రేకు కొట్టి అతికించారు, కొత్త రేకుకి రంధ్రాలు పెట్టలేదు, పట్టీని గమ్ముతో అంటించేశారు. చేపలు పట్టే నైలాన్ దారం రెండు చివర్లూ చెక్కముక్కలకి చుట్టి, వేడిగాలి గన్నుతో గమ్ముని మెత్తబరుస్తూ రంపంలా అటూ ఇటూ లాగితే పట్టీ వంగకుండా వచ్చింది. డిక్కీ బ్యాడ్జీకి వెనక రెండు పిన్నులు, వాటి మీద గుచ్చిన రేకు నట్లు, డిక్కీ మూత లోపలి నుంచి పట్టుకారుతో తిప్పితే ఊడాయి. ముందు అద్దం చుట్టూ ఉన్న బీడింగు రబ్బరు గాడిలో కూర్చుని ఉంటుంది. రబ్బరు ఎలాగూ రాయిలా గట్టిపడిపోయింది, దాన్నే బ్లేడుతో కోసి అద్దంతో సహా తీశాం. పాత రబ్బరుని కాపాడదామని బీడింగు పీకేవాళ్లని చూశాను, రెండూ పోతాయి.

ప్లేటింగ్‌కి వెళ్లాల్సినవి వెనక బంపరు, బ్యాడ్జీ మాత్రమే. ముందు బంపరు మీద తుప్పు చుక్కలు పైపైనే ఉన్నాయి. బిర్యానీ పార్సిల్‌కి చుట్టే అల్యూమినియం ఫాయిల్ ఉండ చేసి నీళ్లలో ముంచి రుద్దితే చుక్కలు పోయాయి; అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు. ఇంట్లో ఎవరో ఇత్తడి బిందెలు తోమే పొడితో ఈ బండి హబ్ క్యాపులు తోమేవారట, ప్రతి పండక్కీ. వాటి మీద క్రోమ్ పల్చబడి కింద నికెల్ పసుపు ఛాయ కనిపిస్తోంది. అలాగే ఉంచేయమన్నారు లెక్చరర్ గారు, తోమింది వాళ్లమ్మగారట.

ప్లేటింగ్ గురించి ఒక్క మాట తెలిస్తే చాలు, మోసపోరు. మెరుపూ, తుప్పు నుంచి కాపలా, రెండూ ఎక్కువగా నికెల్ పొర పనే, అది పదుల మైక్రాన్లు ఉండాలి, మైక్రాన్ అంటే ఎంఎంలో వెయ్యో వంతు. పైన క్రోమ్ ఒక్క మైక్రాన్ కూడా ఉండదు, నికెల్ మసకబారకుండా, గీతలు పడకుండా ఉండటానికి. పాత పూత తీసి, రేకు సాఫీ చేసి, రాగి ఎక్కించి, రాగిని రుద్ది గుంటలు పూడ్చి, తర్వాత నికెల్, ఆఖరున క్రోమ్. తక్కువ రేటు చెప్పేవాడు రాగి దగ్గరా నికెల్ దగ్గరా కోత పెడతాడు, ఇంటికి వచ్చిన రోజు రెండూ ఒకేలా మెరుస్తాయి, ఒక వానాకాలం వెళ్లాక తెలుస్తుంది తేడా. ఇంకోటి, క్రోమ్ లోతట్టు చోట్లకి సరిగా ఎక్కదు, బంపరు వెనకవైపు దాదాపు ఖాళీగానే వస్తుంది. వచ్చీరాగానే వెనక ఎపాక్సీ ప్రైమరు, దాని మీద వెండిరంగు పెయింటు వేసుకోవాలి.

బంపరు బాగానే వచ్చింది. బ్యాడ్జీ మాత్రం, షాపు పేరు చెప్పను, ఇనుప సామానుతో పాటు యాసిడ్‌లో ఎక్కువసేపు వదిలేశారు. జింకుని యాసిడ్ తినేస్తుంది. అక్షరాలు పర్వాలేదు, లావుగా ఉన్నాయి కాబట్టి బతికాయి, వెనక పిన్నులు మాత్రం అగ్గిపుల్ల తలంత మిగిలాయి. గొడవపడితే పిన్నులు మళ్లీ మొలవవు కదా. పిన్ను మొదట్లో 2.5 ఎంఎం రంధ్రం, లోతు తక్కువ, అవతలికి వచ్చేస్తుందేమోనని ఊపిరి బిగబట్టి వేసి, మరలు కోసి, ఇత్తడి స్క్రూ తల నరికి ఎపాక్సీతో దిగేశాను. మజాక్ వస్తువు ఇచ్చేటప్పుడు దాన్ని విడిగా ఒక సంచిలో వేసి, మీద 'జింకు' అని పెద్దక్షరాలతో రాసి ఇవ్వడం అప్పటి నుంచి అలవాటైంది.

ఇప్పుడు ఆ మడత. స్టెయిన్‌లెస్ పట్టీ మడత పడితే ఆ చోట లోహం సాగి ఉంటుంది, గట్టిపడి కూడా ఉంటుంది, వేలితో నొక్కితే సరికాదు. తుమ్మచెక్క ముక్కలో పట్టీ ముఖం సరిగ్గా కూర్చునేలా గాడి చెక్కాను. పట్టీని బోర్లా పెట్టి, వెనక నుంచి పాత ఇంజను వాల్వు కాడతో, మొన గుండ్రంగా అరగదీసి పాలిష్ పట్టినది, చిన్న సుత్తితో టిక్కు టిక్కు మని కొట్టడం. ఒక్కో దెబ్బ చీమ నడిచినంత. పది దెబ్బలకోసారి తిప్పి చూడటం. ముఖం మీద నల్ల మార్కరు పూసి, చదునైన పుల్లకి 400 నంబరు వాటర్ పేపరు చుట్టి రెండుసార్లు రుద్దితే, ఎత్తుగా ఉన్నచోట మార్కరు పోతుంది, పల్లంలో నల్లగా మిగులుతుంది. నల్ల మచ్చ ఉన్నచోట వెనక నుంచి మళ్లీ రెండు దెబ్బలు. మొదట మచ్చ చిక్కుడు గింజంత, మధ్యాహ్నానికి పెసరగింజంత, సాయంత్రానికి ఆవగింజంత. ఎత్తుని అరగదీసి పల్లంతో కలిపేద్దామనిపిస్తుంది, రేకు మందం తక్కువ, అరిగితే చిల్లే. తర్వాత 600, 800, 1000, 1500 నీళ్లతో, ప్రతి నంబరుకీ రుద్దే దిక్కు మార్చి, ముందరి గీతలు పూర్తిగా పోయాకే తర్వాతదానికి వెళ్లడం. ఆఖరున బఫింగు, ముందు పచ్చ పాలిష్ సబ్బు, తర్వాత తెల్లది. బఫ్ చక్రం పట్టీ అంచుని పట్టిందంటే చేతిలోంచి లాక్కుని షెడ్డు అవతల పారేస్తుంది, అందుకని పట్టీని ఒక చెక్కబద్దకి బిగించి, చక్రం కింది భాగంలో, అంచు నుంచి బయటికి పోయే వైపే ఆనించాలి. ఒక్క మడతకి మొత్తం అయిదు గంటలు. ఏడు పట్టీల మిగతా పనంతా కలిపి ఎనిమిది.

అల్యూమినియం పట్టీ స్థానంలో స్టెయిన్‌లెస్‌ది కావాలి, రెంటి తెలుపూ ఎండలో వేరుగా కొడుతుంది. తెలిసినవాళ్ల ద్వారా చెన్నై పుదుపేటలో పాత పట్టీ ఒకటి దొరికింది, రెండంగుళాలు పొడుగు. చివర మూసి ఉన్నవైపు ముట్టుకోకుండా రెండోవైపు కోసి సరిచేశాం. కొత్తది వద్దన్నారు గానీ పాతది వద్దనలేదు కదా అన్నాను. ఒప్పుకున్నారు.

క్లిప్పులు మొత్తం 44. పనికొచ్చేవి 27. మిగతా 17 స్ప్రింగు వైరుతో మేమే వంచాం, చెక్క మీద నాలుగు మేకులు కొట్టి దాని చుట్టూ. కుర్రాడు తెలివైనవాడే, "బంపరుతో పాటు వీటికీ ప్లేటింగ్ వేయిస్తే తుప్పు రాదు కదా బాబాయ్" అన్నాడు. ఆ ఆలోచన చాలామందికి వస్తుంది. గట్టి స్ప్రింగు స్టీలుని యాసిడ్‌లో, ప్లేటింగ్ తొట్టిలో ముంచితే హైడ్రోజన్ లోహంలోకి దూరుతుంది, పైకి మెరుస్తుంది, లోపల పెళుసవుతుంది. బిగించిన రెండు రోజులకి ఎవరూ ముట్టుకోకుండానే రాత్రిపూట టిక్కుమని విరుగుతుంది. ప్లేటింగ్ అయిన వెంటనే దాదాపు 200 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచితే ఆ గొడవ తగ్గుతుంది గానీ పదిహేడు క్లిప్పుల కోసం ఎవరు చేస్తారు. పల్చటి ఎపాక్సీ ప్రైమరులో ముంచి తీగకి ఆరేశాం, బిగించేటప్పుడు మైనం.

రంధ్రాల పని పెయింటుకి ముందే అయిపోవాలి. పెయింటయ్యాక డ్రిల్లు పట్టుకున్నామంటే పని తప్పినట్టే. తుప్పు తిని పెద్దవైన రంధ్రాలు పదకొండు, వాటిని వెల్డింగుతో పూడ్చి మళ్లీ వేశాం. రంధ్రాలే లేని ఎడమ వెనక రేకుకి కుడివైపు బ్రౌన్ పేపరు అచ్చుని తిరగేసి పెట్టాం. సరిపోవాలి కదా, సరిపోలేదు. అయిదు ఎంఎంలు తేడా, వెనకకి వెళ్లేకొద్దీ పట్టీ కిందకి దిగుతున్నట్టుంది. రేకు చేత్తో కొట్టింది, వంపు కుడివైపులా లేదు. అప్పుడు హెడ్‌లైటు నుంచి టెయిల్‌లైటు దాకా దారం లాగి కట్టి, తెల్ల టేపు పట్టీ వెడల్పున కోసి రేకు మీద అంటించి, ఇరవై అడుగుల దూరంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. కొలత ప్రకారం పెట్టిన టేపు వంకరగా కనిపించింది, కంటికి ఇంపుగా ఉన్నచోట పెట్టింది కొలతకి మూడు ఎంఎంలు తప్పు. కంటి మాటే విన్నాం. బండిని రెండు వైపులా ఒకేసారి చూసేవాడు ఎవడూ లేడు.

ఎనిమిది పట్టీలూ ప్రైమరు మీదే ఒకసారి బిగించి, తలుపులు తీసి వేసి చూసి, మళ్లీ ఊడదీశాం. తర్వాత పెయింటు. మాకు పెయింటు ఆరబెట్టే వేడి బూత్ లేదు, టూకే పెయింటు, అంటే హార్డెనర్ కలిపి కొట్టేది, చేతికి ఆరినట్టున్నా లోపల మెత్తగానే ఉంటుంది, ఆ మెత్తదనం మీద పట్టీ నొక్కితే అంచు గుర్తు దిగిపోతుంది. పన్నెండు రోజులు ఆగాం. లెక్చరర్ గారు రోజూ ఫోన్, "దసరా వచ్చేస్తోందండీ." నిజంగానే టెన్షన్ పడ్డాను.

బిగించడం తలుపుల దగ్గర మొదలుపెట్టాలి, మడ్‌గార్డు దగ్గర కాదు. రంధ్రంలో క్లిప్పు కాలు ఎంతోకొంత ఆడుతుంది, పట్టీ ఆ మేరకి పైకీ కిందకీ జరుగుతుంది. రెండు తలుపులూ ఒక గీతలోకి వచ్చాక మడ్‌గార్డు పట్టీలని వాటికి కలుపుకోవచ్చు. ప్రతి రంధ్రం అంచుకీ చిన్న బ్రష్షుతో ప్రైమరు, పెయింటు, ఆరాక చిక్కటి మైనం. ఈ బండిని తిన్నది ఆ రంధ్రం అంచే: పెయింటు చిట్లిన ఇనుము, దాని పక్కన స్టెయిన్‌లెస్, మధ్యలో ఉప్పు నీళ్లు, ఇనుమే కరుగుతుంది. పట్టీ వెనక స్పాంజి టేపు పెట్టమని కొందరు చెబుతారు, శబ్దం రాదని. స్పాంజి నీళ్లు పీల్చుకుని పట్టీ వెనక తడి బట్ట కట్టినట్టే ఉంచుతుంది. పెట్టలేదు. పట్టీ పైమడత ముందు క్లిప్పులకి తగిలించి, కింది మడతని అరచేతి మడమతో నొక్కుకుంటూ పోతే టక్, టక్ మని కూర్చుంటాయి. ఆ శబ్దం రాని క్లిప్పు కూర్చోనట్టే, ఎంత బాగా కనిపించినా.

ఇంత జాగ్రత్తలోనూ ఎడమ ముందు తలుపు తెరవగానే పట్టీ చివర మడ్‌గార్డు అంచుకి గీసుకుంది, గోరంత పెయింటు లేచింది. ప్రైమరు మీద చూసినప్పుడు తగల్లేదే అని తల గోక్కున్నాను. చివరి బోల్టు నట్టు బిగించేటప్పుడు పట్టీ రెండు ఎంఎంలు ముందుకి జరిగింది, అంతే. తలుపు అంచుకి పట్టీ కనీసం మూడు ఎంఎంలు లోపల ఉండాలి, నట్టు బిగించేటప్పుడు రెండో మనిషి పట్టీని పట్టుకోవాలి. ఒక్కణ్నే చేశాను, రాత్రి తొమ్మిదింటికి. టచప్ చేశాం, దగ్గరికెళ్లి చూస్తే తెలుస్తుంది.

ముందు అద్దానికి కొత్త రబ్బరు. బీడింగుని ముందే రబ్బరు గాడిలో సబ్బు నీళ్లతో దిగేసి, రబ్బరు లోపలి పెదవి చుట్టూ నైలాన్ తాడు తిప్పి, అద్దాన్ని బయట నుంచి ఇద్దరు నొక్కుతుంటే లోపల కూర్చుని తాడు లాగడం. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి రేకు మీదకి ఎక్కి కూర్చుంటుంది. తర్వాత డ్యాష్‌బోర్డు మీదా ప్యాడ్లు బిగించని తలుపుల లోపలా ముగ్గు పిండి చల్లి, బయట పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టాం. పిండి తడిసి ముద్దయినచోటే లీకు. అద్దం దగ్గర ఏమీ లేదు, కుడి వెనక తలుపులో ఒక బోల్టు రంధ్రం దగ్గర మాత్రం రూపాయి బిళ్లంత తడి. ఆ బోల్టుకి రబ్బరు వాషరు పెట్టి మళ్లీ నీళ్లు కొట్టాం.

అష్టమి రోజు ఆయన వచ్చారు. సాయంత్రం ఎండ పక్కనుంచి పడుతోంది. చుట్టూ ఒకసారి తిరిగి, కుడి వెనక తలుపు దగ్గర ఆగి, మడత ఉన్నచోట సరిగ్గా వేలు పెట్టారు. ట్యూబ్‌లైటు కింద మాకు కనిపించనిది ఆ ఎండలో చిన్న అలలాగా కనిపిస్తోంది. జరిగింది చెప్పాను, ఆ పట్టీ కూలీ బిల్లులో వేయలేదని చూపించాను. "కుర్రాణ్ని ఏమీ అనలేదు కదా?" అన్నారు. లేదన్నాను. ఊడదీయడం అయిదు రోజులు, అందులో మూడు ఆయిల్ నానడానికే. బిగించడం మూడు రోజులు. మధ్యలో దాదాపు ఆరు వారాలు.

సంక్రాంతికి బందరు వెళ్లినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. నవంబరు వానలన్నీ బండి బయటే తిన్నదట, షెడ్డు రేకులు ఎగిరిపోయి. చీలలు వెంట తీసుకెళ్లాను, ఎడమ వెనక పట్టీ ఒక్కటే ఊడదీసి చూశాం. అయిదు క్లిప్పుల దగ్గర మైనం అలాగే ఉంది. ఆరోదాని దగ్గర, మేం వంచిన వైరు క్లిప్పే, కాలు రుద్దుకుని రంధ్రం అంచున పెయింటు చిట్లి సన్నటి ఎర్ర గీత మొదలైంది. వైరు చివరని ఆకురాయితో గుండ్రంగా చేయడం ఆ ఒక్కదానికి మర్చిపోయాం. అరగదీసి, తుప్పు గీకి, ప్రైమరు పూసి, టీ తాగి వచ్చేసరికి ఆరింది, మైనం పెట్టి మళ్లీ బిగించాను. టక్ మంది.